ఏప్రిల్‌లో అరూషా వెళ్తున్నారా? బయానా పంపే ముందు ఒక్కసారి లెక్క వేసుకోండి

ప్రతి ఏడాదీ ఫిబ్రవరి దాటిందంటే నాకు ఒకటే రకం ఫోన్లు. "అక్కా, అమ్మానాన్నా ఏప్రిల్ చివర్లో వస్తున్నారు, నాకేమో సెలవు దొరకడం లేదు, వాళ్లిద్దర్నీ అరూషా పంపి సఫారీ చూపిద్దామనుకుంటున్నా, అక్కడ ఒకతను మిగతావాళ్ల కంటే సగానికే తిప్పుతానంటున్నాడు, బయానా పంపేయనా?" అరూషా అంటే టాంజానియా ఉత్తరాన సఫారీలు బయల్దేరే ఊరు. మొన్న అడిగింది ఇదే దేశంలో దార్ ఎస్ సలామ్‌కి వచ్చి ఐదు నెలలైన ఒక తమ్ముడు. పంపొద్దన్నాను. ఎందుకో ఫోన్‌లో పూర్తిగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా, కొత్తగా వచ్చిన మిగతావాళ్లకీ పనికొస్తుంది.

మన ఆంధ్రాలో, తెలంగాణలో బడి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. టాంజానియాలో సరిగ్గా అప్పుడే మసికా, అంటే మార్చి నుంచి మే దాకా పడే పెద్ద వానలు. తెల్లవాళ్లు ఎక్కువగా జూన్ నుంచి అక్టోబర్ మధ్యలో వస్తారు, మన అమ్మానాన్నలు మాత్రం మనవళ్ల సెలవులని బట్టి వానల్లోనే దిగుతారు. ఆ నెలల్లో కొన్ని క్యాంపులు మూసేస్తారు, బండ్లు ఖాళీగా పడి ఉంటాయి, కానీ అరూషా క్లాక్ టవర్ చుట్టూ బేరాల కోసం తిరిగే కుర్రాళ్లు అంతే మంది ఉంటారు. వాళ్లని అక్కడ ఫ్లైక్యాచర్లు అంటారు. ఆగస్టులో వందమంది టూరిస్టుల మీదుండే వాళ్ల కళ్లన్నీ ఏప్రిల్‌లో మీ ఇద్దరి మీదే ఉంటాయి.

అయినా వెళ్లొద్దని నేను చెప్పను. నాకైతే ఆ నెలే ఇష్టం. వాన ఎక్కువగా మధ్యాహ్నం మీదో రాత్రో పడుతుంది, పొద్దున్నే లేస్తే కడిగినట్టుండే ఆకాశం, ఎటు చూసినా పచ్చదనం, ఒక సింహం చుట్టూ ఇరవై బండ్లు మూగే గొడవ ఉండదు.

ఇక లెక్కకొద్దాం. ఆ తమ్ముడికి వచ్చిన బేరం ఎంగొరొంగొరో క్రేటర్‌కి (పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పెద్ద గిన్నెలాంటి లోయ, జంతువులు దాని లోపలుంటాయి) ఒక రోజు ప్రయాణం, మనిషికి 180 డాలర్లు, "అన్నీ కలిపి, అంకుల్‌కీ ఆంటీకీ సొంతంగా ఒక బండి". ఇద్దరికీ 360. ఇప్పుడు ప్రభుత్వానికి కట్టాల్సింది చూడండి. నేను చివరిసారి కట్టినప్పుడు విదేశీయులకి ప్రవేశ రుసుము మనిషికి 60 డాలర్లు, దాని మీద 18 శాతం పన్ను, మొత్తం 70.80. ఇద్దరికీ 141.60. బండి క్రేటర్ లోపలికి దిగడానికి విడిగా 250, పన్నుతో 295. రెండూ కలిపితే 436.60. ఇంకా డీజిల్ పోయలేదు, డ్రైవర్‌కి కూలీ ఇవ్వలేదు, భోజనం పెట్టలేదు. చేతి నుంచి 76 డాలర్లు పెట్టుకుని మీ అమ్మానాన్నల్ని ఎవరు తిప్పుతారు? మోసం ఎక్కడో ఒకచోట ఉండాలి. క్రేటర్‌లోకి దింపకుండా పైనుంచే లోయ చూపించి వెనక్కి తీసుకొస్తాడు, లేదా గేటు దగ్గర బండి ఆపి "ఇది మీరు విడిగా కట్టాలి" అంటాడు, లేదా చివరి నిమిషంలో బండి పాడైందని చెప్పి ఇంకో గుంపుతో ఇరికిస్తాడు. అరూషా నుంచి మూడు గంటలకు పైగా ప్రయాణం చేసి గేటు ముందు నిలబడ్డాక పెద్దవాళ్లు ఏం వాదిస్తారు, అడిగినంతా ఇచ్చేస్తారు.

సీజన్ కాని రోజుల్లో లాడ్జి ధర తగ్గుతుంది, బండి అద్దె తగ్గుతుంది, ఆ తగ్గింపు నిజమైనదే, గట్టిగా బేరమాడండి. సర్కారు రుసుము మాత్రం ఏ ఏజెంటూ తగ్గించలేడు. సెరెంగెటీ లాంటి నేషనల్ పార్కుల్లో మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా ప్రభుత్వమే కాస్త తగ్గిస్తుంది, అంతకు మించి లేదు. అందుకే కొటేషన్ అడిగేటప్పుడు రుసుములు వేరుగా, బండి వేరుగా, బస వేరుగా రాసిమ్మనండి. నికరమైనవాడు పది నిమిషాల్లో పంపిస్తాడు. మీరు ఇక్కడ వర్క్ పర్మిట్ మీద ఉండి, వాళ్లతో పాటు వెళ్తుంటే ఇంకో మాట. రెసిడెంట్లకి నేషనల్ పార్కుల టికెట్ తక్కువ. మీ పర్మిట్ కాపీ తీసుకుని, కొటేషన్‌లో మాత్రం అందరికీ విదేశీయుల రేటే వేసేవాళ్లున్నారు, ఆ వరుస ప్రత్యేకంగా చూసుకోండి.

నేను ఇది నేర్చుకున్నది దెబ్బ తిన్నాకే. వచ్చిన రెండో ఏడు, ఏప్రిల్‌లోనే, అమ్మానాన్నలతో వెళ్లాం. అరూషాలో ఒక ఆఫీసు, అద్దాల తలుపు, గోడ నిండా చిరుతల ఫొటోలు, మాట తీరు చూసి నమ్మేశాను. బయానా ఆఫీసు ఖాతాకి కాకుండా అతని సొంత నంబరుకి ఎంపెసా (ఇక్కడ ఫోన్‌లోంచి డబ్బు పంపే పద్ధతి) చేయమంటే చేసేశాను. ఫొటోలో చూపించింది కొత్త ల్యాండ్ క్రూజర్, పొద్దున్నే ఇంటి ముందుకొచ్చింది వేరే బండి, టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. పిల్లలు తయారై కూర్చున్నారు, నాన్న బూట్లు కూడా వేసుకున్నారు, ఆ టైంలో వద్దనలేకపోయాను. సెరెంగెటీ దక్షిణ అంచున ఎండూటూ దగ్గర బండి దిగబడింది. నాలుగు గంటలు. చక్రం తిరిగేకొద్దీ ఇంకా లోపలికి పోయింది. మాది కర్నూలు వైపు, నాన్న బండి మెట్టుకి అంటుకున్న మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి, "అమ్మా, ఇది మన నల్లరేగడే, వాన పడ్డాక దీంట్లోకి ఎవడైనా ఇలాంటి బండి తెస్తాడా" అన్నారు. అమ్మకి సుగర్, తెచ్చుకున్న రెండు అరటిపళ్లే తింది. ఆ రోజు నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. డబ్బు తిరిగి అడిగితే ఆ నంబరు ఎత్తలేదు, ఆఫీసువాళ్లేమో ఆ డబ్బు మా లెక్కలోకే రాలేదన్నారు.

అప్పటి నుంచి నేను డబ్బు విషయంలో పట్టు వదలను. కంపెనీ లిపా నంబాకో (వ్యాపారం పేరు మీద ఉండే చెల్లింపు నంబరు), బ్యాంకు ఖాతాకో తప్ప ఎవరి సొంత నంబరుకీ పంపను. లిపా నంబా కొట్టగానే, పిన్ వేయకముందే, ఫోన్‌లో పేరు కనిపిస్తుంది, అది కంపెనీ పేరా మనిషి పేరా చదవండి, రెండు సెకన్ల పని. ఆ ఏటి టాలా లైసెన్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే టూరిజం లైసెన్స్ కాపీ అడగండి, టూరు కంపెనీకి అది తప్పనిసరి. టాటో అని టూర్ ఆపరేటర్ల సంఘం ఉంది, అందులో సభ్యులా కాదా చూడండి. డబ్బు కట్టాక మెషీన్ నుంచి వచ్చే ఇఎఫ్‌డి రసీదు తీసుకోండి. చేత్తో రాసిన చీటీ చెల్లదు. "ఉకినునువా దాయి రిసిటి" అని ఇక్కడి పన్నుల శాఖ వాళ్లే ప్రచారం చేస్తారు, కొంటే రసీదు అడుగు అని. మనం అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

మన భాష, మన దేశం అని మెత్తబడకండి. హిందీలో "అరే భాయ్, మనం మనం ఒకటి" అన్నవాడి దగ్గర లైసెన్స్ అడగడానికి మొహమాటపడ్డవాళ్లే నాకు తెలిసినవాళ్లలో ఎక్కువ నష్టపోయారు.

మాట విని అబద్ధం పట్టుకోవడం కూడా కష్టం కాదు, జంతువుల క్యాలెండర్ తెలిస్తే చాలు. ఏప్రిల్‌లో "విల్డబీస్ట్ మందలు మారా నది దాటడం చూపిస్తా" అన్నాడా, వాడితో మాట ఆపేయండి. ఆ నది దాటడం జులై నుంచి సెప్టెంబర్, అక్టోబర్ దాకా, అదీ ఉత్తరాన. ఏప్రిల్‌లో మందలు దక్షిణ, మధ్య సెరెంగెటీ వైపుంటాయి. తరంగీరే పార్కులో ఏనుగులు గుంపులు గుంపులుగా నది దగ్గరికి చేరేది కూడా వానలు లేని పొడి నెలల్లోనే, వానల్లో ఎక్కడ పడితే అక్కడ నీళ్లుంటాయి కాబట్టి చెదిరిపోతాయి. అలాగే అరూషా నుంచి రోడ్డు మీద సెరెంగెటీకి ఒక్క రోజులో వెళ్లొస్తామంటే నమ్మకండి, ఆ పార్కు మధ్యలో ఉన్న సెరోనెరా చేరడానికే ఏడెనిమిది గంటలు పడుతుంది. పార్కు టికెట్‌కి గంటల లెక్కన గడువు ఉంటుంది, దారి మీద "కాగితాల పని" అని రెండు గంటలు ఆపితే అది మీ సఫారీలోంచే పోతుంది.

ఊళ్లో నడిచేటప్పుడు ఎక్కువగా వినిపించే మాట ఇది: "దాదా, నన్ను గుర్తుపట్టలేదా? మీ హోటల్లో వంటవాణ్ణి!" స్వాహిలీలో దాదా అంటే అక్క. మీకు గుర్తులేదే అని సిగ్గుపడి ఆగుతారు, అక్కడి నుంచి తమ్ముడి బడి ఫీజు దాకా వెళ్తుంది. హోటల్ పేరు మీరు చెప్పకండి, అతన్నే చెప్పమనండి. ఇంకొకరు పెయింటింగులు చుట్టుకుని వెంటపడతారు, నేనే వేశాను, ఆర్ట్ స్టూడెంట్‌ని అంటారు, నాలుగడుగులు వేస్తే అవే బొమ్మలు ఇంకో కుర్రాడి చేతిలో కనిపిస్తాయి. "సిహితాజీ, అసాంతే" అనండి, అక్కర్లేదు, థాంక్స్ అని, నవ్వుతూనే అనండి, ఆగకుండా నడవండి. వాళ్లలో చాలామంది పని దొరకని పిల్లలే, కసురుకోవాల్సిన పని లేదు.

టాక్సీ విషయంలో మాత్రం కసురుకున్నా ఫర్వాలేదు. ముందే ఒక మనిషి కూర్చుని ఉన్న కారెక్కొద్దు, దారిలో ఇంకొకర్ని ఎక్కించుకుంటే అక్కడే దిగిపోండి. ఏటీఎంల చుట్టూ తిప్పి కార్డు ఖాళీ చేసినవి విన్నాను. యాప్‌లోనో హోటల్ వాళ్ల చేతనో పిలిపించుకోండి. చిన్న దూరాలకి బజాజీ ఉంది, మన ఆటోనే, మన బజాజ్ పేరే ఇక్కడ ఆటోకి పేరైంది, ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

డాలర్లు రోడ్డు మీద మార్చకండి, ఎంత మంచి రేటు చెప్పినా సరే, బ్యాంకుకే వెళ్లండి. ఊరి నుంచి వచ్చేవాళ్లకి పాత డాలర్ నోట్లు తేవద్దని చెప్పండి, 2009కి ముందువి చాలాచోట్ల తీసుకోరు. వీసాకి గూగుల్‌లో మొదట కనిపించిన సైట్‌లో కట్టకండి, చిరునామా చివర గో డాట్ టీజెడ్ ఉన్న ఇమ్మిగ్రేషన్ సైటే అసలుది. ఇంకో సంగతి, ఇక్కడ సిమ్ తీసుకున్న వారంలోపే "ఆ డబ్బు ఈ నంబరుకి పంపు" అని స్వాహిలీలో మెసేజ్ వస్తుంది. ఆ సమయానికి మీరు నిజంగానే ఏజెంటుకి డబ్బు పంపాల్సి ఉంటే, అతనే అనుకుని పంపేస్తారు. అలాంటి మెసేజ్ దేశమంతా అందరికీ వస్తుంది, తీసేయండి.

అమ్మలకోసం చివరిగా టాంజనైట్. 1967లో బయటపడిన రాయి, ప్రపంచం మొత్తం మీద అరూషా దగ్గరున్న మెరెరానీ కొండల్లోనే దొరుకుతుంది, 2018లో ప్రభుత్వం ఆ గనుల చుట్టూ గోడ కట్టించింది. దిద్దులకి బాగుంటుందని మా అమ్మా మనసు పడింది. రోడ్డు మీద కాగితంలో మడిచి చూపించేది ఎక్కువగా గాజుముక్క. అసలు రాయిని వెలుతురులో తిప్పితే ఒకవైపు నీలం, ఇంకోవైపు ఊదా కనిపిస్తుంది, గాజు ఎటు తిప్పినా ఒకటే రంగు. అయినా ఆ ఒక్క పరీక్షతో డబ్బు పెట్టకండి, లైసెన్స్ ఉన్న దుకాణంలో, సర్టిఫికెట్‌తో, దేశం దాటించడానికి కావాల్సిన కాగితాలతో కొనండి, లేకపోతే ఎయిర్‌పోర్టులో అడిగినప్పుడు పెద్దవాళ్లు కంగారు పడతారు.

ఆ తమ్ముడు ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్లు తెప్పించుకుంటున్నాడు. మీకూ వస్తే నాకు పంపండి, చూసి చెప్తాను. రుసుములు, బండి, బస విడివిడిగా రాసినదే పంపండి, కింద ఒక్క అంకె వేసి ఇచ్చిన కాగితం చూసి నేనేమీ చెప్పలేను.