పొట్ట లేని బేస్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఇంచుమించు అన్నీ ఒకే వాద్యం గురించి, ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఆర్కెస్ట్రాలో వెనక వరసలో నిలబడి వాయించే డబుల్ బేస్ ఉంటుంది చూడండి, మనిషికంటే ఎత్తుగా, దాని పెద్ద పొట్ట తీసేసి మెడ, తీగలు, వాటిని కింద మోసే బ్రిడ్జ్ మాత్రం ఉంచి, శబ్దాన్ని పికప్‌తో పట్టి ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) పంపితే ఇది తయారవుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి కూర్చున్నాకే ఆ పొట్ట ఎన్ని పనులు చేసిపెట్టేదో తెలుస్తుంది, తీసేసిన ప్రతి పనినీ తయారీదారు వేరే దారిలో తిరిగి తెచ్చిపెట్టాలి.

నేను బేస్ గిటార్ వాయిస్తాను. పాత గిటార్ ఒకటి ఉంది. మెట్లు పీకేసి, స్టాండుకి నిలువుగా బిగిస్తే అప్‌రైట్ అయిపోదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

అవదండీ. నిలువుగా పెట్టిన బేస్ గిటార్ అవుతుంది, అంతే. వాయించుకోవచ్చు, తప్పేం లేదు, కానీ మీరు కోరుకుంటున్న ఆ బరువైన, గుండ్రటి దెబ్బ దాంట్లోంచి రాదు.

మొదటి తేడా పొడవు. మామూలు బేస్ గిటార్‌లో నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా 34 అంగుళాలు, డబుల్ బేస్‌లో 41, 42 అంగుళాలు. రెండింటి శ్రుతి ఒకటే, లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి. లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది, అదీ రెండింట్లో ఒకటే. కానీ తీగ బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది, కాబట్టి డబుల్ బేస్ తీగలే తెచ్చి 34 అంగుళాల మీద అదే శ్రుతికి బిగించారనుకోండి, బిగువు మూడింట రెండు వంతులకు పడిపోతుంది, తీగ వేలికింద వదులుగా కొట్టుకుంటుంది. పొట్టి అప్‌రైట్లు మార్కెట్లో లేకపోలేదు, వాటికి వేరే తీగలు కావాలి, చేతికి తగిలే తీరూ వేరు.

రెండోది వంపు. గిటార్ బ్రిడ్జ్ దాదాపు చదును. కమానుతో ఒక తీగను వాయిస్తే పక్క తీగకి తగలకూడదు కదా, అందుకే అప్‌రైట్‌లో ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగని నొక్కే పలక), బ్రిడ్జ్ రెండూ విల్లులా వంగి ఉండాలి.

మూడోది చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో అసలైనది ఇదే. మెట్లు లేని అంత పొడవు మెడ మీద ఎడమచెయ్యి ఎక్కడుందో వాయించేవాడికి ఎలా తెలుస్తుంది? మెడ పొట్టని కలిసేచోట ఒక మడమ లాంటి వంపు ఉంటుంది, బొటనవేలు దానికి తగిలి ఆగినప్పుడు చూపుడువేలు జి తీగ మీద డి స్వరం మీదో ఇ-ఫ్లాట్ మీదో పడుతుంది, వాద్యాన్ని చేసినవాడు ఏ కొలత పెట్టాడన్నదాన్ని బట్టి. కళ్లు మూసుకున్నా ఆ గుర్తు పోదు. కర్రలాంటి ఎలక్ట్రిక్ మోడళ్లలో ఆ వంపు లేకుండా మెడని కిందిదాకా నున్నగా లాగేస్తే, ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నవాడు కూడా మొదటి రోజు అపశ్రుతే పలికిస్తాడు. కాబట్టి పొట్ట తీసేసినా ఆ మడమని మాత్రం దాని చోటే ఉంచాలి. మంచి తయారీదారు ఎవరో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇది ఎవరు కనిపెట్టారు? ఈమధ్య వచ్చిందేనా?
– పాఠకురాలు, న్యూజెర్సీ

ఈమధ్యది కాదండీ, మీ అమెరికాలోనే 1930లలో మొదలైంది. రికెన్‌బాకర్ కంపెనీ ఆ దశాబ్దం మధ్యలోనే పొట్ట లేని ఎలక్ట్రిక్ బేస్ ఒకటి చేసింది, అప్పటికి బేస్ గిటార్ అందరి చేతికీ రానేలేదు, ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చింది 1951లో. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు డబుల్ బేస్ కింద నేలకి ఆనించే పెగ్గులోనే పికప్ పెట్టాడు. ఆ పరికరం నుంచే, అంటే ఆంప్లిఫైడ్ పెగ్ నుంచే, ఆంపెగ్ అన్న కంపెనీ పేరు వచ్చింది. అదే కంపెనీ 1962లో జోర్కో అనే డిజైన్‌ని కొనేసి బేబీ బేస్ పేరుతో అమ్మింది: చెల్లో అంత ప్లాస్టిక్ ఒళ్లు, పూర్తి పొడవు మెడ. జాజ్ వాళ్లకి అంతగా నచ్చలేదు గానీ న్యూయార్క్ లాటిన్ బ్యాండ్లు దాన్ని ఎత్తుకుపోయాయి. సల్సా పాటల్లో డప్పుల మధ్యలోంచి పొట్టిగా, బొంగురుగా 'దుమ్ దుమ్' అని వినపడే బేస్ చాలాసార్లు అదే. అందరూ లోపం అనుకున్న ఆ పొట్టి శబ్దమే అక్కడ పనికొచ్చింది.

జర్మనీలో ఎబర్‌హార్ట్ వెబర్ 1970ల నుంచి దీన్నే తన గొంతు చేసుకున్నాడు, పైన ఇంకో తీగ కలిపి ఐదు తీగలతో, పాట పాడినట్టు సాగే స్వరం. ఇక నెడ్ స్టైన్‌బర్గర్. బిరడాలుండే తల లేని బేస్ గిటార్‌తో 1980ల్లో పేరు తెచ్చుకుని, తర్వాత ఎన్ఎస్ డిజైన్ పెట్టి అప్‌రైట్‌ల మీద పడ్డాడు. ఈయన మొదట కుర్చీలూ బల్లలూ డిజైన్ చేసేవాడు, తండ్రి జాక్ స్టైన్‌బర్గర్ భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాడు. కుర్చీ చేసేవాడి చూపు వాద్యానికి బాగా పనికొస్తుందని నాకనిపిస్తుంది, మనిషి ఒళ్లు ఎక్కడ ఆనుతుందన్నదే కదా రెండిట్లోనూ ప్రశ్న.

మా ఊళ్లో పనస చెక్క దొరుకుతుంది, బొబ్బిలి వీణలు దాంతోనే చేస్తారు. దీనికి పనికిరాదా? లేకపోతే ఏ చెక్క వాడాలి?
– వడ్రంగం చేసే పాఠకుడు, విజయనగరం జిల్లా

ఒంటికి పనికొస్తుంది. మెడకి మాత్రం నేను వాడను. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి ఏకాండి వీణ చేస్తారు, అక్కడ చెక్క పని మోగడం. ఎలక్ట్రిక్ బేస్ మెడ పని వంగకుండా నిలబడడం. స్టీలు తీగలు నాలుగూ కలిపి వంద కిలోలకు పైగానే లాగుతాయి, రాత్రీ పగలూ, ఏళ్ల తరబడి.

అందుకే మెడకి గట్టి మేపుల్ వాడతారు, ఒకే ముక్కగా కాకుండా మూడు లేక ఐదు పట్టీలుగా కోసి, పక్కపక్క పట్టీల్లో పీచు ఎదురెదురుగా వచ్చేలా తిప్పి జిగురుతో అతికిస్తారు. ఒకటి ఇటు మెలిక తిరగబోతే పక్కది అటు లాగుతుంది. లోపల గాడి తవ్వి కార్బన్ ఫైబర్ కడ్డీలు రెండు దించేవాళ్లున్నారు, గిటార్‌లోలా మెడ వంపుని సర్దుకునే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, పెట్టేవాళ్లూ ఉన్నారు. కోస్తా గాలిలో మీరు చేస్తున్నారు కాబట్టి చెక్క ఎంత బాగా ఆరిందన్నదే ముందు చూడండి, కోసిన పట్టీల్ని జిగురు వేసేముందు కొన్ని వారాలు మీ షెడ్డులోనే వదిలేయండి, వంకర తిరిగేది ఏదో అదే బయటపడుతుంది.

ఫింగర్‌బోర్డ్‌కి ఎబొనీ మేలు, ఖరీదనుకుంటే రోజ్‌వుడ్. చిత్రిక పట్టడం మీకు నేను చెప్పేదేం లేదు, కానీ ఒక్కటి: దీన్ని పూర్తి తిన్నగా తీయకూడదు. పొడవునా చాలా కొద్దిగా లోతు ఉంచాలి. ఉక్కు స్కేలు అంచు మీద నిలబెట్టి వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో సన్నటి వెలుగు గీత కనబడాలి, జి తీగ వైపు మిల్లీమీటరుకి అటూ ఇటూ, ఇ తీగ వైపు ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే లావు తీగ వెడల్పుగా ఊగుతుంది. ఆ లోతు లేకపోతే తీగ చెక్కని కొట్టుకుని జరజరమంటుంది, ఎక్కువైతే ఎడమచెయ్యి అలిసిపోతుంది. వంపులో ఎక్కడైనా చిన్న గుబ్బ మిగిలినా ఆ ఒక్క స్వరం మీదే మోత వస్తుంది, వేలితో తడిమితే దొరకదు, స్కేలుకే దొరుకుతుంది.

ఎలక్ట్రిక్ బేస్ ఒకటి కొన్నాను. వేళ్లతో మీటితే బాగుంది. కమాను పట్టగానే కీచుమంటోంది, పైగా లావు తీగలో బలమే లేదు. వాద్యం చెడ్డదా?
– వయొలిన్ కూడా వాయించే పాఠకుడు, చెన్నై

మీరు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు. ముందు బలం సంగతి. ఇలాంటి బేస్‌లలో ఎక్కువగా ఉండేది పియెజో పికప్, బ్రిడ్జ్ కింద నలిగితే వోల్టేజి పుట్టించే పలక. అది చిన్న కెపాసిటర్ లాంటిది. దాన్ని ఏ ఇన్‌పుట్‌కి కలిపారో ఆ నిరోధంతో కలిసి కింది స్వరాలను కోసేస్తుంది. పలక ఒక నానోఫారడ్, ఆంప్ ఇన్‌పుట్ ఒక మెగాఓమ్ అనుకోండి, దాదాపు 160 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గడం మొదలవుతుంది. మీ లావు తీగ ఉన్నది 41 దగ్గర! అదే పది మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్‌ని (ఆంప్‌కి ముందు పెట్టే చిన్న పరికరాన్ని) మధ్యలో పెడితే ఆ కోత 16కి దిగిపోతుంది, బేస్ మొత్తం బయటికొస్తుంది. వాద్యాన్ని తిట్టేముందు దాన్ని దేనికి గుచ్చారో చూసుకోండి, సౌండ్ మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి నేరుగా గుచ్చితే మాత్రం ఎంత మంచి వాద్యమైనా దోమలా పాడుతుంది.

ఇక కమాను. అది తీగని పక్కకి లాగుతుంది. మామూలు డబుల్ బేస్‌లో బ్రిడ్జ్ ఇటూ అటూ ఊగుతుంటే లోపలి సౌండ్ పోస్ట్ (నిలువు కర్ర), బేస్ బార్ (పై పలక కింద అతికించిన పొడుగు బద్ద) కలిసి ఆ ఊగడాన్ని పై పలక కదలికగా మారుస్తాయి. ఇక్కడ పలకా లేదు, పోస్టూ లేదు. బ్రిడ్జ్ రెండు కాళ్ల కింద రెండు పియెజోలు ఉండి రెండూ ఒకే దిశలో కలిపి ఉంటే, ఊగేటప్పుడు ఒక కాలు నొక్కుతుంది, ఇంకోటి లేస్తుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్వరం పోతుంది, వెంట్రుకల రాపిడి మిగులుతుంది. మీరు విన్న కీచు అదే. ఒక పియెజో దిశ తిప్పితే కమాను స్వరం నిండుగా వస్తుంది, అప్పుడు మీటడం కాస్త మారుతుంది. స్టైన్‌బర్గర్ వాద్యాల్లో ఈ దిశలు ఎంచుకోడానికి స్విచ్ ఉండేది ఇందుకే. మీదాంట్లో లేకపోతే పికప్ పని తెలిసినవాళ్లు పెట్టగలరు. అదీ కుదరదంటే ప్రీఆంప్‌లో మూడు, నాలుగు కిలోహెర్ట్జ్ పైన బాగా తగ్గించండి, చెక్క పొట్ట మామూలుగా మింగేసే గరుకుదనం అక్కడే ఉంటుంది.

అపార్ట్‌మెంట్లో రాత్రి హెడ్‌ఫోన్‌తో సాధన చేస్తే కింది ఇంటివాళ్లకి వినపడుతుందా?
– పాఠకుడు, విజయవాడ

గాల్లోంచి వినపడదు, నేలలోంచి వినపడుతుంది. స్టాండు కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేసుకోండి. తాళం వేసే మీ పాదం సంగతి మీరే చూసుకోవాలి.

సొంతంగా ఒకటి చేయాలనుంది. మొదట ఏం కొనాలి, చెక్కా, పికప్పా?
– పాఠకురాలు, వరంగల్

రెండూ కాదండీ, తీగలు. డబుల్ బేస్ తీగలు ఒక కొలతకి కట్టుబడి వస్తాయి, నట్ అవతల బిరడాకి చుట్టుకునే భాగం, బ్రిడ్జ్ వెనక మిగిలే భాగం, అంతా దాన్ని తయారుచేసినవాడు అనుకున్న లెక్కలోనే. చాలామంది ముందు అందంగా ఒళ్లు గీసుకుని, చెక్క కోసేసి, ఆఖర్న తీగ తెస్తే అది బిరడా దాకా రాదు, లేదా లావు భాగమే వెళ్లి బిరడా మీద చుట్టుకోబోయి తెగుతుంది. తల లేని డిజైన్ అయితే తీగ చివర పట్టుకునే బిగింపు ఎలాంటిదో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మీరు వాయించబోయే తీగల సెట్ ఒకటి తెచ్చి, గది నేల మీద పెద్ద గోధుమరంగు కాగితం పరిచి, వాటిని నిజమైన పొడవులో పెట్టి గీయండి. నట్, బ్రిడ్జ్, వెనక ముడి, బిరడాలు, మడమ, ఈ ఐదు చుక్కలూ పడ్డాక పెన్సిల్ తీసి ఒళ్లు మీకు నచ్చినట్టు గీసుకోండి.