మీ ప్రశ్నలకు జవాబులు: ఎయిర్‌బోట్‌కు పక్కగాలి తగిలితే

ప్రశ్న: పన్నెండడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పుతో ప్లైవుడ్ ఎయిర్‌బోట్ (వెనక ఫ్యాన్ లాంటి ప్రొపెల్లర్‌తో గాలిని తోసి నడిచే పడవ) కట్టుకున్నాం. 13 హార్స్‌పవర్ ఇంజన్, నాలుగడుగుల ప్రొపెల్లర్, వెనక రెండు రడ్డర్లు (పడవను తిప్పే పలకలు). పొద్దున పూట చెప్పినట్టు వింటుంది. మధ్యాహ్నం గాలి లేచాక గట్టు దగ్గర త్రోటల్ తగ్గిస్తే మాత్రం ముక్కు గాలి వచ్చే వైపు తిరిగిపోతోంది. పడవ పక్కకు జారి, చేపల మేత సంచులు కట్టిన కర్రల మీదకు పోతోంది. రడ్డర్ ఎంత తిప్పినా లాభం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: మామూలు పడవ చుక్కాని నీళ్లలో ఉంటుంది కాబట్టి పడవ కదులుతున్నంతసేపూ ఎంతో కొంత పట్టు ఇస్తుంది. ఎయిర్‌బోట్ రడ్డర్‌కు ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలే ఆధారం. త్రోటల్ దించారంటే రడ్డర్‌కు తిండి ఆగిపోయినట్టే. అడుగు చదునుగా ఉంటుంది, కీల్ (పక్కకు జారకుండా పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక) ఉండదు. ఇక పడవను పట్టి ఉంచేది ఏదీ లేదు.

లెక్క చూడండి. పక్క నుంచి చూస్తే మీ పడవ అంచు, కేజ్ (ప్రొపెల్లర్ చుట్టూ ఉండే రక్షణ జాలీ), రడ్డర్లు, ఇంజన్ స్టాండు, నడిపే మనిషి అన్నీ కలిపి సుమారు 25 చదరపు అడుగులు గాలికి అడ్డం నిలుస్తాయి. గంటకు 20 కిలోమీటర్ల పక్కగాలి వాటిని 4 కిలోల బలంతో నెడుతుంది. 30కి అది 10 కిలోలు, 40కి 17 కిలోలు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. ఇంజన్ వైపు ఇదే లెక్క తిరగబడుతుంది. నిండు త్రోటల్‌లో ప్రొపెల్లర్ 40 కిలోలు తోస్తోందనుకుందాం. ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) సగానికి దించితే అది 20 కాదు, 10 కిలోలే. అంటే 30 కిలోమీటర్ల గాలిలో సగం ఆర్‌పీఎంకు వచ్చేసరికి ఇంజన్, గాలి సరిసమానం. ఇంకా దించితే పడవను నడిపేది గాలే.

ముక్కు గాలివైపే ఎందుకు తిరుగుతోందంటే, కేజ్, రడ్డర్లు వెనక ఉండి గాలికోడి తోకలా పనిచేస్తున్నాయి. నిర్ధారించుకోవడానికి తేలికపాటి గాలి ఉన్న రోజు చెరువు మధ్యలో ఇంజన్ ఆపి, కదలకుండా కూర్చుని రెండు నిమిషాలు చూడండి. పడవ గాలికి అడ్డంగా నిలిస్తే తూకం దాదాపు సరిగా ఉన్నట్టు. ముక్కు గాలికి ఎదురుగా తిరిగితే వెనక గాలి పట్టు ఎక్కువ. ముక్కు గాలివాటుకు పోతే ముందు భాగం తేలికై నీళ్లలోంచి లేచిపోతోంది. అప్పుడు బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు ముందుకు జరపాలి. మీది రెండో రకం. కేజ్‌కు ఫ్లెక్సీ లాంటివి కట్టి ఉంటే ముందు అవి విప్పేయండి.

గట్టుకు చేరేటప్పుడు గాలికి అడ్డంగా రావద్దు. కొంచెం దూరంలోనే ముక్కును గాలికి ఎదురు తిప్పి ఆ దిశలోనే దగ్గరవ్వండి. గాలి గట్టు వైపే కొడుతుంటే, ముక్కు గాలికి ఎదురుగా ఉంచి, వెనక్కి కొట్టుకుపోయే వేగాన్ని త్రోటల్‌తో అదుపు చేసుకోండి. వెనక ప్రొపెల్లర్ ఉంది కాబట్టి గట్టు మీద మనుషులు దూరంగా ఉండాలి. మలుపుకు ముందు రడ్డర్ తిప్పండి, తర్వాత ఒక్క సెకను త్రోటల్ ఇచ్చి దించండి. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. అప్పుడు పడవ తిరగకుండా ముందుకే దూకుతుంది. పడవలో పది అడుగుల వెదురు గడ తప్పకుండా ఉంచుకోండి. రివర్సు, బ్రేకు లేని పడవకు చివరి ఆధారం అదే.

ప్రశ్న: అయితే రడ్డర్లు పెద్దవి చేస్తే సరిపోతుందా? అడుగున కీల్ లాంటిది బిగించవచ్చా?
– మరో పాఠకుడు, ఆకివీడు

జవాబు: రడ్డర్ ఎత్తు ప్రొపెల్లర్ వ్యాసాన్ని మించకూడదు. ప్రొపెల్లర్ గాలి తగలని భాగం పడవను తిప్పదు, తెరచాపలా పక్కగాలిని పడుతుంది, అంతే. ముందు రడ్డర్‌ను తిప్పే కేబుల్ చూడండి: చేతి లివర్ అంగుళం కదిలినా రడ్డర్ కదలకపోతే రోగం అక్కడుంది. రడ్డర్‌ను 30 డిగ్రీలు దాటి తిప్పితే గాలి పలకను విడిచిపోతుంది. మలుపు పెరగదు, తోపు తగ్గుతుంది.

కీల్ బదులు అడుగున వెనక సగంలో, పొడవునా రెండు పట్టీలు బిగించవచ్చు. ఎత్తు అంగుళం చాలు, అంచులు గుండ్రంగా ఉండాలి. వెనకే ఎందుకంటే, గాలి నెట్టేది వెనక భాగాన్ని. ముందు బిగిస్తే ముక్కు నిలిచిపోయి తోక ఇంకా తేలిగ్గా తిరుగుతుంది. ఎత్తు పెంచితే ప్రాణాపాయం: పక్కకు జారుతున్న పడవ పట్టీ బురదలోనో గుర్రపుడెక్కలోనో తన్నుకుంటే అక్కడే బోల్తా కొడుతుంది.

ప్రశ్న: వెనకగాలిలో వేగంగా వస్తూ త్రోటల్ ఒక్కసారిగా వదిలాం. వెనక నుంచి నీళ్లు లోపలికొచ్చాయి. కారణం?

జవాబు: ప్రొపెల్లర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి, తోస్తున్నంతసేపూ ముక్కును కిందికి నొక్కుతుంది. తోపు ఆగగానే ముక్కు లేచి, ఇంజన్ బరువున్న వెనక భాగం కుంగుతుంది. సరిగ్గా అప్పుడే మీ వెనక వస్తున్న అల వెనక చెక్కను దాటుతుంది. వెనకగాలికి లేచే అలలు దానికి తోడు. ఎయిర్‌బోట్లు మునిగే దారుల్లో ఇది పాతదే. త్రోటల్‌ను నాలుగైదు సెకన్లు తీసుకుని దించండి. ఆగాలంటే వెడల్పుగా తిరిగి గాలికి ఎదురుగా ఆగండి. గాలివాటు వైపు మలుపు తీసుకుంటే పడవ మీరనుకున్న దానికన్నా చాలా దూరం జారుతుంది, అందుకు తగినంత చోటు ఉంచుకోండి. పక్కల్లో ఫోమ్ నింపండి. ఒక ఘనపుటడుగు ఫోమ్ నీళ్లలో సుమారు 27 కిలోలు మోస్తుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించవద్దు.

ప్రశ్న: ఎండకు టార్పాలిన్ కప్పు వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. గాలి పట్టు పెరుగుతుంది, పైగా ఊడిన గుడ్డను ప్రొపెల్లర్ లాగేసుకుంటుంది. మెడలో తువ్వాలు కూడా వద్దు. గడ్డం కింద కట్టుకునే టోపీ చాలు.

ప్రశ్న: ఎంత గాలి ఉంటే పడవ దించకూడదు?

జవాబు: దుమ్ము, కాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే గాలి గంటకు 20–28 కిలోమీటర్లు. అలవాటైన చేయి జాగ్రత్తగా నడపగలదు, కొత్తవారు ఆగాలి. చిన్న చెట్లు మొత్తంగా ఊగి, చెరువు అలల మీద నురగ కనిపిస్తే 29 దాటినట్టే. పడవ గట్టునే ఉండనివ్వండి.