దుఃఖంలో ఉన్న ఇంట్లో క్రిస్మస్ సంతోషం

మీ అమ్మగారు అక్టోబరులో ప్రభువునందు నిద్రించారనీ (చనిపోయారనీ), విశ్వాసులు ఏడవకూడదని, పండగపూట సంతోషించాలని సంఘంలో కొందరు అంటున్నారనీ, ఎంత ప్రార్థించినా ఆ సంతోషం రాకపోవడం అవిశ్వాసమేమోనన్న భయం పట్టుకుందనీ రాశారు. అది అవిశ్వాసం కాదని ముందుగా చెబుతున్నాను. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం 13వ వచనాన్ని మరొకసారి నెమ్మదిగా చదవండి. పౌలు దుఃఖపడవద్దని అనలేదు; నిరీక్షణ, అంటే ఆశ, లేనివారిలా దుఃఖపడవద్దన్నాడు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు.

మా నాన్నగారు 2021 మే నెలలో కరోనాతో పోయారు. సమాధుల తోటకు మేము నలుగురమే వెళ్లాం. పోయినవారి ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక కూడా ఫోనులోనే జరిగింది. ఏటా డిసెంబరు మొదటి తారీఖున వెదురుబద్దల నక్షత్రాన్ని డాబా మీద కట్టడం ఆయన పని. ఆ ఏడాది ఇంట్లో ఎవరమూ దాని మాట ఎత్తలేదు. పిండివంటలు లేవు, కొత్త బట్టలు లేవు. క్యారల్స్‌కు తిరిగే యౌవనస్థులను మా ఇంటికి రావద్దని నేనే ఫోను చేసి చెప్పాను.

24వ తేదీ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అమ్మ లూకా సువార్త 2వ అధ్యాయం తీసింది. క్రిస్మస్ వర్తమానాలు (ప్రసంగాలు) సాధారణంగా గొర్రెల కాపరులతో ముగుస్తాయి. అమ్మ మాత్రం చదువుకుంటూ పోయి, ఏడేళ్లు కాపురం చేసి భర్తను పోగొట్టుకుని, ముసలితనం దాకా దేవాలయాన్ని విడవకుండా ఉండి, చివరకు శిశువైన యేసును కళ్లారా చూసిన అన్న అనే ప్రవక్త్రి దగ్గర ఆగింది. కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంటూ, "ఈవిడ గురించి పండగనాడు ఎవరూ చెప్పరేం?" అంది.

తర్వాత తన చిన్ననాటి సంగతి చెప్పింది. అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన తర్వాత ఐదు వారాలకే క్రిస్మస్ వచ్చింది. ప్రార్థనా మందిరం పైకప్పు లేచిపోగా, మిగిలినవాళ్లు మొండిగోడల మధ్య గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారట. పాట ఎత్తుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఏడవడంతో ఆగిపోయేదట, ఆగినచోటి నుంచి ఇంకొకరు అందుకునేవారట. పాట పూర్తయిందా అని అడిగాను. "అయింది, బాగా పొద్దెక్కాక" అంది.

హేరోదు రాజు కత్తికి బిడ్డలను పోగొట్టుకున్న బేత్లెహేము తల్లులు, రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయిన యేసు కుటుంబం, నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని మరియకు, దేవాలయంలో ఆ శిశువును ఎత్తుకున్న సుమెయోను చెప్పిన మాట, ఇవన్నీ నేను చిన్నప్పటి నుంచి చదివినవే. అవి కూడా క్రిస్మస్ కథలోని భాగాలేనని నాకు ఆ సాయంత్రమే తట్టింది. ఏడ్చేవాళ్లున్న ఇళ్లలోకే యేసు పుట్టి వచ్చాడన్న నమ్మకం నాకు అప్పుడు కుదిరింది.

ఆ రాత్రే అటక మీది నక్షత్రాన్ని దించాను. కాగితమంతా చిరిగిపోయింది. బల్బు హోల్డరు దగ్గర నాన్నగారు ఏటేటా ఒకదానిపై ఒకటి చుట్టిన నల్లటేపు బొటనవేలంత లావున గట్టిపడి ఉంది. దాన్ని కదపకుండా మైదా జిగురుతో కొత్త తెల్లకాగితం అంటించి, పదకొండు గంటలకు డాబా మీద కట్టి, యౌవనస్థులకు మళ్లీ ఫోను చేశాను. ఒంటిగంట దాటాక వచ్చారు. వాళ్లు పాడుతుంటే అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. నాకూ ఏడుపు ఆగలేదు. అయినా నాన్నగారిని మళ్లీ చూస్తానన్న ధైర్యం, మే నెల తర్వాత మొదటిసారి, ఆ ఏడుపులోనే కలిగింది. నేను ఎరిగిన క్రిస్మస్ సంతోషం ఇదే.

కాబట్టి మీరు బలవంతాన నవ్వుతూ కనిపించనక్కరలేదు. కొత్త బట్టలు వద్దనిపిస్తే మానేయండి. ఆరాధనకు మాత్రం వెళ్లండి. పాడలేకపోతే, పాడేవాళ్ల పక్కన ఊరికే నిలబడండి. క్యారల్స్ వాళ్లను రావద్దని ఉంటే ఇప్పుడైనా రమ్మనండి. వాళ్లకు ఏం పెట్టాలా అని కంగారుపడవద్దు. ఆ రాత్రి మా ఇంట్లో పాలు కూడా లేక, అమ్మ అందరికీ నిమ్మకాయ టీ ఇచ్చింది.