సమ్మక్క కథను నాటకంగా వేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

'మేము కోయలం కాదు. సమ్మక్క-సారలమ్మ కథను నాటకంగా వేయవచ్చా? తర్వాత సినిమాగా తీయవచ్చా?' అని అడిగారు. హనుమకొండలో ఇదే కథను ఆడించినవాడిగా చెబుతున్నాను: వేయవచ్చు. అయితే స్క్రిప్టు మొత్తం రాసుకున్నాక 'ఒకసారి చూసి పెట్టండి' అని మేడారం ఉన్న తాడ్వాయి వైపు వెళ్లకండి. అక్కడ ఆ కథకు తరతరాలుగా చెప్పేవాళ్లున్నారు. డోలు వాయిస్తూ ఇలవేల్పుల కథలు పాడే డోలీలు వాళ్లే. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క కథను కోయ భాషలోనూ, తెలుగులోనూ పాడేవారు.

డోలీ పాడుతున్నప్పుడు కాస్త గమనించి చూడండి. వేల్పు తానై మాట్లాడతాడు, మరుక్షణం చుట్టూ ఉన్న జనంలో ఒకడై ప్రశ్నిస్తాడు, ఆ వెంటనే డోలు అందుకుంటాడు. వేషం మార్చడు, గొంతు మారుస్తాడంతే. నటనలో మనం వర్క్‌షాపులు పెట్టి నేర్పేది ఇదే కదా! అందుకే మా నాటకంలో గాయకుడిని తెర వెనక కూర్చోబెట్టలేదు, వేదిక మధ్యలోనే ఉంచాం. నటులు ఆయన పాటను అందుకుని నడిచారు.

సమ్మక్క వేషం ఎవరికీ ఇవ్వలేదు. మేడారం గద్దెల మీద విగ్రహం ఉండదు. చిలకలగుట్ట నుంచి ఆమె రూపంగా వచ్చేది కుంకుమ భరిణె. ఆమెకు ముఖం పెట్టే పని మాకెందుకనిపించింది. ఆమె రావాల్సిన చోట డోలు మోగేది, నటులంతా ఒకే వైపు తిరిగేవారు. కాకతీయులతో యుద్ధాన్ని కత్తుల విన్యాసంగా సాగదీయలేదు. సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడే ఘట్టానికి మాత్రం చాలా సమయం ఇచ్చాం.

హనుమకొండకు ముందే ఒక కోయ ఊళ్లో ఆడాం. అయిపోగానే ఒక పెద్దమ్మ, 'సారలమ్మ ఏ ఊరి నుంచి వస్తుందో చెప్పరేం?' అని అడిగింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు బయలుదేరే దృశ్యం ఆ ప్రశ్నతోనే పుట్టింది. నాటకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

ఆకులు కట్టించి గెంతించడం మాత్రం దయచేసి వద్దు, సినిమాలు ఆ పని చాలానే చేశాయి. ఆదిలాబాద్ గుస్సాడీ నర్తకుల నెమలి ఈకల టోపీని తెచ్చి కోయ పాత్రకు పెట్టడమూ అంతే. గుస్సాడీ గోండుల దండారి పండుగ దీక్షకు సంబంధించినది.

సినిమా మాటకొస్తే, కొమురం భీం మీద అల్లాణి శ్రీధర్ గారు 1990లో తీసిన చిత్రం 2010లో గానీ విడుదల కాలేదు. కాబట్టి ముందు నాటకం ఆడండి. డోలీకి నటుల కన్నా తక్కువ ఇవ్వకండి, పోస్టరు మీద పేరు వేయండి. జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వస్తుంది, ఆ రోజుల్లో అక్కడ మీతో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. జాతర లేని ఏడాది, కోతలయ్యాక వెళ్లండి.