రౌటర్ కదల్లేదు, ఫోన్‌లో గీతలెందుకు మారుతున్నాయి?

ప్రశ్న: మా రౌటర్ ముందు గదిలో టీవీ వెనక ఉంది. పగలు వరండాలో కూర్చుంటే ఫోన్‌లో వైఫై గీతలు నిండుగా ఉంటాయి. సాయంత్రం అదే కుర్చీలో ఒకటో రెండో. రౌటర్ పాడైనట్టేనా? కొత్తది కొనమంటారా?
– ఒక పాఠకురాలు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: అప్పుడే కొనకండి. ముందు మీ దోమల జాలీ తలుపు చూడండి. నెల్లూరులో దీపాలవేళకి ఆ తలుపు మూయని ఇల్లు అరుదు. అది స్టీలు జాలీ అయితే చాలావరకు దోషం దానిదే. దాని కన్నం మిల్లీమీటరు, అటూ ఇటుగా. వైఫై రెండు బ్యాండ్లలో, అంటే రెండు తరంగ శ్రేణుల్లో నడుస్తుంది: తరంగం పొడవు 2.4 గిగాహెర్ట్జ్‌లో సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 5, 6 సెంటీమీటర్లు. గాలి దూరే ఆ కన్నంలోంచి అంత పొడవు తరంగం దూరలేదు. దానికి జాలీ అంటే రేకు తలుపే. మైక్రోవేవ్ ఓవెన్ అద్దం వెనక చిల్లుల రేకు ఉంటుంది చూడండి, లోపలి తరంగాలు బయటికి రాకుండా ఆపేది అదే. తలుపు మూశాక మీ ఫోన్‌కి అందేది గోడలోంచి, చట్రం సందుల్లోంచి వచ్చినంతే.

పరీక్ష సులువు. గీతల్ని నమ్మొద్దు, ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కో లెక్కన పెట్టుకుంటుంది. వైఫై సిగ్నల్‌ని డీబీఎంలలో (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) చూపే ఉచిత యాప్ వేసుకోండి. అంకె మైనస్‌లో వస్తుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మెరుగు. మైనస్ 50 చాలా బాగున్నట్టు, మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలుస్తుంది, మైనస్ 80 దగ్గర తెగిపోతూ ఉంటుంది. అదే కుర్చీలో, ఫోన్ అదే చేతిలో పట్టుకుని తలుపు తీసి ఒకసారి, మూసి ఒక నిమిషం ఆగి ఇంకోసారి చూడండి. అంకె 10 (10 డీబీ) పడిందంటే అందే శక్తి పదోవంతు అయిందన్నమాట. అలా పడితే జాలీని ఫైబర్‌గ్లాస్‌దిగా మార్చండి, లేదా రౌటర్‌కి వరండా వైపు కిటికీ దారి దొరికేలా జరపండి. ఆ కిటికీకీ స్టీలు జాలీ ఉంటే లాభం లేదు.

ఏదేమైనా రౌటర్‌ని టీవీ వెనక నుంచి మాత్రం తీయండి. టీవీ వెనక ఉండే లోహపు పలక సిగ్నల్‌కి అడ్డం. నేలకి ఐదారు అడుగుల ఎత్తున, చుట్టూ ఖాళీ ఉన్నచోట పెట్టండి. ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగని మాత్రం మడత పెట్టొద్దు, పచ్చ కనెక్టర్ లాగొద్దు. పెట్టె మీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే ఆ తీగలోంచి వెలుతురు అందడం లేదని అర్థం, కేబుల్ అతన్ని పిలవాల్సిందే.

ఒకవేళ అంకె పడకుండా, వేగం మాత్రమే పడితే అది వేరే జబ్బు: రాత్రిళ్లు చుట్టుపక్కల ఇళ్లన్నీ ఒకే ఛానెల్ (బ్యాండ్‌లో ఒక భాగం) మీద ఉండటం. 2.4లో 1, 6, 11 ఛానెళ్లలో తక్కువ రద్దీ ఉన్నది ఎంచుకోండి.

ప్రశ్న: మంచం మీద ఒకచోట మైనస్ 58. ఫోన్‌ని జానెడు జరిపితే మైనస్ 70. గోడలకి అతికించిన గెలాక్సీ గ్రానైట్ వల్లేనా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: గ్రానైట్‌ని తప్పుపట్టకండి. అది లోహం కాదు. ముప్పాతిక అంగుళం పలక తినేది కొద్దిగానే, దాని వెనకున్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ అంతకన్నా ఎక్కువ తింటుంది. జానెడులో అంత తేడా తెచ్చేది ప్రతిఫలనం. రౌటర్ నుంచి నేరుగా వచ్చే తరంగం, ఇనప బీరువాకి, అద్దానికి, స్లాబు కమ్మీలకి తగిలి తిరిగొచ్చే తరంగాలు మీ మంచం మీద కలుస్తాయి. ఒకచోట శిఖరం మీద శిఖరం పడి బలపడతాయి, పక్కనే శిఖరం మీద పల్లం పడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఇలా సిగ్నల్ పడిపోయే చోట్ల మధ్య దూరం 2.4లో ఆరేడు సెంటీమీటర్లు ఉండొచ్చు, 5లో అందులో సగం. బీరువా తలుపు తెరిచినా, మధ్యలో మనిషి నడిచినా ఈ లెక్క మారిపోతుంది. ఫోన్‌ని అడ్డంగా రెండు చేతులా పట్టుకుంటే వేళ్లు యాంటెన్నాల మీద పడి ఇంకొంత పోతుంది. అందుకే ఒక్క కొలతతో తీర్పు చెప్పకండి. ఒక అడుగు పరిధిలో నాలుగైదు చోట్ల చూసి సగటు తీయండి.

ప్రశ్న: రౌటర్ కింద ఉంది, పై అంతస్తుకి రిపీటర్ (వైఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొంటే చాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కింది నుంచి పైకి నెట్‌వర్క్ కేబుల్ వేసే వీలుంటే రిపీటర్ వద్దు. ఒకే బ్యాండ్ రిపీటర్ వినడం, చెప్పడం రెండూ ఒకే ఛానెల్‌లో చేస్తుంది కనుక వేగం సగానికి పడుతుంది. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఇంట్లో పాత రౌటర్ ఉంటే దాన్ని పైన పెట్టి, డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే పని) ఆపేసి, దాని ఐపీ చిరునామా కింది రౌటర్‌తో కలవకుండా మార్చి, కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టులోనే (ఇంటి పరికరాలు తగిలించేది) గుచ్చండి. చాలామంది వ్యాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ వచ్చేది) గుచ్చుతారు. అప్పుడు పై అంతస్తు వేరే నెట్‌వర్క్ అయిపోయి కింది ప్రింటర్ కనిపించదు. రెండు రౌటర్లకీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంచి, ఛానెళ్లు వేరు చేయండి. మెట్లెక్కాక కూడా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకు వేలాడితే ఒకసారి వైఫై ఆపి మళ్లీ వేయండి. ఇక రిపీటరే దిక్కయితే, దాన్ని సిగ్నల్ అందని గదిలో కాదు, మైనస్ 60, 65 చూపే మెట్ల మలుపులో పెట్టండి.