స్టాప్‌వాచ్ నడుస్తుంటే గడియారం వెనకబడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన, కీ ఇచ్చే క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న) చేతి గడియారం ఇప్పుడు నా దగ్గర ఉంది. మధ్యలోని పొడవాటి సెకన్ల ముల్లు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుందని స్టాప్‌వాచ్‌ను రోజంతా నడవనిస్తున్నాను. ఈ మధ్య గడియారం రోజుకు పది సెకన్లు వెనకబడుతోంది. స్టాప్‌వాచే కారణమా? లోపల అరుగుదల కూడా వస్తుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్టాప్‌వాచ్ కారణం కావచ్చు. మీ గడియారంలో సమయం చూపే ముళ్ళకొకటి, స్టాప్‌వాచ్‌కొకటి అని వేర్వేరు స్ప్రింగులు ఉండవు. మీరు కీ ఇచ్చినప్పుడు చుట్టుకునే ఒకే మెయిన్‌స్ప్రింగ్ రెంటినీ నడపాలి. పాత క్రోనోగ్రాఫులలో ఎక్కువ వాటిలో, బటన్ నొక్కగానే, ఎప్పుడూ తిరుగుతూ ఉండే ఒక చిన్న పళ్ళచక్రం పక్కకు జరిగి స్టాప్‌వాచ్ చక్రంతో పళ్ళు కలుపుతుంది. ఒక్కోసారి పంటి కొనకు పంటి కొన తగిలి, ముల్లు బయలుదేరేటప్పుడు చిన్నగా ఎగరడం మీరు గమనించే ఉంటారు. అప్పటి నుంచి ఆ అదనపు చక్రాలను తిప్పే భారంతో పాటు, నిమిషానికోసారి నిమిషాల చక్రాన్ని ఒక పన్ను ముందుకు నెట్టే పని కూడా మెయిన్‌స్ప్రింగ్ మీదే పడుతుంది. దాంతో, అటూ ఇటూ ఊగుతూ గడియారం వేగాన్ని నిర్ణయించే బ్యాలెన్స్ చక్రానికి అందే శక్తి తగ్గి, అది ఊగే కోణం చిన్నదవుతుంది. నిండుగా కీ ఇచ్చినప్పుడు 280 డిగ్రీల దగ్గర ఉండే ఆ కోణం 20, 30 డిగ్రీలు పడిపోవడం ఈ తరహా గడియారాల్లో మామూలే.

కోణం తగ్గినా ఒక్కో ఊపుకు పట్టే కాలం మారకపోతే చిక్కే లేదు. ఆ చక్రాన్ని వెనక్కీ ముందుకీ లాగే సన్నని హెయిర్‌స్ప్రింగ్‌ను అంత శ్రద్ధగా సరిచేసేది అందుకోసమే గాని, అది ఏ గడియారంలోనూ పూర్తిగా కుదరదు. అందువల్ల కొన్ని వెనకబడతాయి, కొన్ని ముందుకు పోతాయి. స్టాప్‌వాచ్ వల్ల రోజుకు 6 సెకన్ల తేడా వస్తోందనుకున్నా, దాన్ని పది నిమిషాలు వాడితే వచ్చే తేడా సెకనులో 4 శాతమే. అసలు అది ఉన్నది అలాంటి కొద్దిపాటి వాడకానికే: 1970 ఏప్రిల్‌లో అపోలో 13 వ్యోమగాములు ఇంజన్‌ను 14 సెకన్లు మండించిన సమయాన్ని ఒమేగా స్పీడ్‌మాస్టర్ అనే క్రోనోగ్రాఫ్‌తోనే కొలిచారు.

1969లో వచ్చిన సీకో 6139 అనే క్రోనోగ్రాఫ్‌లో ఏర్పాటు వేరు. అందులో పళ్ళు పక్క నుంచి కలవవు. క్లచ్ నిలువుగా అదుముకుని రాపిడితో తిరుగుతుంది, కాబట్టి ఊపు మీద ప్రభావం బాగా తక్కువ. దానికి విడిగా సెకన్ల ముల్లు లేకపోవడంతో, చాలామంది స్టాప్‌వాచ్‌నే ఎప్పుడూ నడుపుతూ ఉంటారు. క్వార్ట్జ్ క్రోనోగ్రాఫుల్లో బ్యాటరీ త్వరగా అయిపోవడం తప్ప సమయానికి ఢోకా ఉండదు.

మీ గడియారం సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఉదయం నిండుగా కీ ఇచ్చి, స్టాప్‌వాచ్ ఆపి, డయల్ పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, 24 గంటల తరువాత ఫోన్‌లోని సమయంతో పోల్చి రాసుకోండి. మర్నాడు అదే వేళకు మళ్ళీ నిండుగా కీ ఇచ్చి, అలాగే ఉంచి, స్టాప్‌వాచ్ నడుపుతూ చూడండి. రెండో రోజే పది సెకన్లు పోతే కారణం స్టాప్‌వాచే. రెండు రోజులూ అంతే వెనకబడితే, నూనె ఎండిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. ఎండిన నూనెతో స్టాప్‌వాచ్‌ను రోజంతా నడిపితే దాని చక్రాల ఇరుసులు తప్పక అరుగుతాయి, పాత గడియారాలకు ఆ భాగాలు దొరకడం కష్టం. నాన్నగారి గడియారం కాబట్టి, శుభ్రం చేయించేదాకా ఆ ముల్లును ఆపి ఉంచమనే నా సలహా. బాగుచేసే వారిని స్టాప్‌వాచ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి ఊపు కోణం కొలిచి రెండు అంకెలూ రాసి ఇవ్వమని అడగండి.