హాస్టల్లో షబ్బాత్ ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మేం బెనె ఎఫ్రాయిమ్ అనే సంఘానికి చెందిన యూదులం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా పని మానేసే విశ్రాంతి రోజు షబ్బాత్. ఊళ్లో ఉన్నన్నాళ్లూ శుక్రవారం సాయంత్రం అందరం కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లం. ఇప్పుడు మేడ్చల్ దగ్గర హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ మొత్తంలో యూదుణ్ని నేనొక్కణ్నే. శనివారం ల్యాబ్ కూడా ఉంది. అమెరికా కాలేజీల్లో మనవాళ్లకు సంఘాలుంటాయట. ఇక్కడ నాలాంటివాడు ఏం చేయాలి?
– ఒక విద్యార్థి

జవాబు: ముందు ల్యాబ్ సంగతి తేల్చుకోండి, ఆలస్యమైతే చేయి దాటిపోతుంది. వారానికి ఆరు రోజులు సమానంగా క్లాసులుంటే, శనివారాలన్నీ మానేసినా హాజరు 83 శాతం నిలుస్తుంది. 75 శాతం నిబంధన పోగా మీ చేతిలో మిగిలేది 8 శాతం. జ్వరమొచ్చినా, ఊరెళ్లినా అందులోంచే పోవాలి. ఇది మొత్తం మీద లెక్కించే కాలేజీలో మాట. సబ్జెక్టువారీగా లెక్కిస్తే, శనివారం మాత్రమే జరిగే ల్యాబ్‌లో మీ హాజరు సున్నా. అందుకే సెమిస్టర్ మొదలవగానే, ల్యాబ్ బ్యాచ్‌ల జాబితా ఖరారు కాకముందే హెచ్‌ఓడీకి లెటర్ ఇవ్వండి. సెలవు అడగొద్దు, వేరే రోజు చేసే బ్యాచ్‌లోకి మార్చమని అడగండి. పండుగ తేదీలూ ఆ లెటర్‌లోనే రాయండి: 2026లో రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం) సెప్టెంబరు 11 సాయంత్రం నుంచి 13 రాత్రి వరకు, యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) 20 సాయంత్రం నుంచి 21 రాత్రి వరకు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి అడిగితే ఎగ్గొట్టడానికి సాకనుకుంటారు. యూనివర్సిటీ పరీక్ష శనివారం పడితే మాత్రం ఒక్కరి కోసం తేదీ మారదు. అప్పుడేం చేయాలో మీ పెద్దలతో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి.

ఇక శుక్రవారం సాయంత్రం. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపం పెట్టాలి. హైదరాబాద్‌లో ఆ వేళ నవంబరు చివర దాదాపు 5:20, జూలై మొదట్లో దాదాపు 6:35. గదిలో కొవ్వొత్తి వెలిగిస్తే వార్డెన్ ఊరుకోరు, ఊరుకోకపోవడమే న్యాయం. మంట పెట్టే వీల్లేని ఆసుపత్రుల్లాంటి చోట్ల చాలామంది రబ్బీలు (యూదు మతగురువులు) ఒప్పుకున్న దారి విద్యుత్ దీపం. ఎర్రగా కాలే ఫిలమెంట్ బల్బున్న బ్యాటరీ టార్చి దొరికితే ఎల్‌ఈడీ కన్నా అదే మేలు. కరెంటు పోయినా బ్యాటరీ దీపం ఆరదు. వేళకు వెలిగించి, ఇక ముట్టుకోకండి. దీవెన చదవాలా వద్దా అన్న దానిపై రబ్బీలలో రెండు మాటలున్నాయి కాబట్టి మీ సంఘంలో అడిగి చేయండి.

కిద్దూష్‌కు (భోజనానికి ముందు ద్రాక్షరసం పాత్ర పట్టి చదివే దీవెన) మద్యం అక్కర్లేదు. భారతీయ యూదులు ఎండుద్రాక్ష రసంతోనే చేసుకుంటూ వచ్చారు. ఒక గ్లాసు నల్ల ఎండుద్రాక్ష కడిగి, రెండు గ్లాసుల నీళ్లలో గురువారం రాత్రి నానబెట్టండి. పొద్దున చేత్తో బాగా పిసికి పల్చటి గుడ్డలో వడకట్టండి. ఆ రసాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మన ఎండలకు బయట పెడితే సాయంత్రానికే పులిసిపోతుంది. రొట్టెలు రెండుండాలి, రెండూ విరగనివై ఉండాలి. చపాతీలు చాలు. మెస్‌లో చివరికి వెళ్తే ముక్కలే మిగులుతాయి, ముందే తీసిపెట్టుకోండి.

తిండి విషయంలో కూరగాయల మెస్సే తేలిక. ఆదివారం బిర్యానీని హలాల్ కదా అని సరిపెట్టుకోవద్దు. కోషర్‌కు (యూదుల ఆహార నియమాలకు) కోత పద్ధతి వేరు. పైగా హైదరాబాదీ దమ్ బిర్యానీలో మాంసాన్ని నానబెట్టేదే పెరుగులో. ముక్కలు తీసేసి అన్నం తిన్నా మాంసం, పాలు కలిసినట్టే, ఆ కలయిక కూడదు. చేపల్లో పొలుసూ రెక్కా ఉన్న రవ్వ, బొచ్చె పనికొస్తాయి. వాలుగ, రొయ్య పనికిరావు.

మనుషుల మాటకొస్తే, పదిమంది దొరికాకే మొదలుపెడదామని ఆగకండి. మిన్యాన్ (పదిమంది కూడిక) లేకపోతే కద్దిష్ అనే స్తుతి, తోరా గ్రంథ పఠనం ఉండవు. మిగతా ప్రార్థన ఒక్కరూ చదువుకోవచ్చు. ఉస్మానియా, ఇఫ్లూ, హెచ్‌సీయూలకు విదేశీ విద్యార్థులు వస్తుంటారు. ఆ వర్సిటీల విదేశీ విద్యార్థుల విభాగం మీకు పేర్లివ్వదు, ఇవ్వకూడదు కూడా. ‘శుక్రవారం భోజనానికి యూదు విద్యార్థులు కలుద్దాం’ అని ఒక ఈమెయిల్‌తో నోటీసు పెట్టనిస్తారేమో అడగండి. గది నంబరు రాయొద్దు. మొదటిసారి పదిమంది తిరిగేచోట కలవండి. కలిసినవాళ్లలో ఎవరైనా మీ సంఘం గురించి గుచ్చిగుచ్చి అడిగితే నొచ్చుకోకండి. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని చాలామందికి తెలియదు. మీ వంశాన్ని రుజువు చేసే బాధ్యత మాత్రం భోజనాల బల్ల దగ్గర మీకు లేదు. మీ ఇంట్లో పాడే పాట పాడండి, ఎవరో ఒకరు గొంతు కలుపుతారు. నెలకొకసారైనా తప్పకుండా, అదే వేళకు, అదే చోట పెట్టుకోండి. చోటు మారుతుంటే కొత్తవాళ్లు రెండోసారి రారు.

పెద్ద పండుగకు పుణెలోని యూదుల ప్రార్థనా మందిరం (సినగాగ్) ఓహెల్ దావిద్‌కు గానీ (1867లో పూర్తయింది, ఎర్రగా ఉంటుంది కనుక ఊరివాళ్లు లాల్ దేవళ్ అంటారు), ముంబై సినగాగ్‌లకు గానీ వెళ్లాలనుకుంటే ముందుగా రాసి అనుమతి తీసుకోండి. 2008 నవంబరు ఉగ్రదాడులకు ముంబైలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్‌ కూడా గురైంది. భద్రత గట్టిగా ఉంటుంది. గుర్తింపు కార్డు ఒరిజినలే తీసుకెళ్లండి.

ప్రశ్న: ఎంఎస్‌కు అమెరికా వచ్చాను. మాది అమీర్‌పేట. మా రూమ్మేట్ యూదు అమ్మాయి, శుక్రవారం హిల్లెల్‌లో భోజనానికి రమ్మంటోంది. నేను హిందువుని, వెళ్లొచ్చా? ఏం తీసుకెళ్లాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. హిల్లెల్ 1923లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మొదలైన యూదు విద్యార్థుల సంస్థ. స్నేహితులను వెంట తీసుకురావడం అక్కడ మామూలే. ముందుగా పేరు నమోదు చేయమంటే చేయండి, వంట దాన్నిబట్టే ఉంటుంది. మీరు శాకాహారి అయితే అప్పుడే చెప్పండి. ఇంటి నుంచి పులిహోర, స్వీట్లు పట్టుకెళ్లొద్దు. ఎంత శుభ్రంగా చేసినా కోషర్ వంటగదిలోకి బయటి వంట రానివ్వరు. పువ్వులు తీసుకెళ్లండి, అవీ సూర్యాస్తమయం లోపే. ఫోన్ బ్యాగులో పెట్టేయండి, ఫొటోలు వద్దు. చేతులు కడుక్కుని వచ్చినవాళ్లు రొట్టె నోట్లో పెట్టుకునేదాకా మాట్లాడరు. పలకరిస్తే జవాబు రాకపోతే కోపమనుకోకండి, ఆ ముక్క తిన్నాక వాళ్లే మాట్లాడతారు.